బౌద్ధ పూజాపీఠానికి లోహ విగ్రహం: గుర్తుపట్టడం, పనితనం చూడడం, నింపించడం, నిలపడం

కాఠ్మండూ నుంచో, కర్ణాటకలోని టిబెటన్ల ఊరు బైలకుప్ప నుంచో బుద్ధ విగ్రహం తెచ్చుకున్నవాళ్ళు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. ఇది శాక్యముని బుద్ధుడేనా? మీద ఉన్నది నిజంగా బంగారమేనా? అడుగు రేకు విడిగా ఇచ్చారు, లోపలంతా బోలుగా ఉంది, మోసపోయామా? మా ఇంట్లో అందరు దేవుళ్ళకూ చేసినట్టు దీనికీ అభిషేకం చేయొచ్చా?

నేపాల్‌లోని పాటన్ (లలిత్‌పూర్)లో నేవార్ జాతి పనివాళ్ళు పోత పోసే లోహ విగ్రహాల గురించి, వాటిని టిబెటన్ పద్ధతిలో పూజాపీఠం మీద నిలపడం గురించి మాత్రమే ఇక్కడ రాస్తున్నాను. థాయ్ కంచు బుద్ధులకు, జపాన్ చెక్క విగ్రహాలకు పద్ధతులు వేరు.

ఒక్క సంగతి ముందే చెప్పాలి. పనుల వరుస తప్పకూడదు: ఎవరి విగ్రహమో తేల్చుకోవడం, పనితనం చూడడం, లోపాలు సరిచేయించడం, లోపల నింపించడం, ఆ తర్వాతే పీఠం. లోపల కర్ర, మంత్రాల కాగితాలు నింపి అడుగు మూసేశాక ఆ విగ్రహాన్ని మళ్ళీ నిప్పుకు చూపించలేరు. అతుకు వేయించాలన్నా, బంగారు మలామా (పూత) మళ్ళీ చేయించాలన్నా బోలుగా ఉన్నప్పుడే కుదురుతుంది. అన్నట్టు, కొత్త విగ్రహం బోలుగా ఉండడం మోసం కాదు. అలాగే అమ్ముతారు.

1. బయల్దేరే ముందు

విగ్రహం ఎక్కడ పెడతారో ఆ చోటు ముందు కొలుచుకోండి. పీఠం వెడల్పు, లోతు, పైన ఖాళీ రాసుకోండి. తలకూ పై అరకూ మధ్య కనీసం జానెడు ఖాళీ ఉండాలి. లేకపోతే దీపం, ధూపం పొగ అక్కడే చుట్టుకుంటాయి.

మొదటి విగ్రహానికి 6 నుంచి 8 అంగుళాల ఎత్తు బాగుంటుందని నా అభిప్రాయం. అంతకంటే బాగా చిన్నదైతే లోపల నింపడం కష్టం, ముఖంలో పని కనిపించదు. మరీ పెద్దదైతే ప్రతిదానికీ ఇద్దరు పట్టాలి.

వెంట ఉండాల్సినవి:

- పది రెట్లు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం
- టార్చి (ఫోన్‌లోదైనా చాలు)
- చిన్న అయస్కాంతం
- కొలత టేపు
- కెమెరాలో గీతల గడి ఆన్ చేసిన ఫోన్

2. ఎవరి విగ్రహమో తేల్చుకోండి

ముఖం చూసి చెప్పలేరు. శాంతమూర్తుల ముఖాలన్నీ దాదాపు ఒకే కొలతల్లో ఉంటాయి. చేతులు, దుస్తులు, చేతిలో వస్తువులు, కాళ్ళు, పీఠం అనే వరుసలో చూడండి.

2.1 చేతులు

- కుడిచేయి మోకాలి మీదుగా కిందికి దిగి, అరచేయి లోపలికి తిరిగి ఉంటే భూమిస్పర్శ ముద్ర. శాక్యమునిదీ ఇదే, పంచబుద్ధులనే ఐదుగురు ధ్యానబుద్ధుల్లో ఒకడైన అక్షోభ్యుడిదీ ఇదే.
- అదే చేయి, అదే మోకాలు, కానీ అరచేయి బయటికి తిరిగి ఉంటే వరద ముద్ర. రత్నసంభవుడిది. వేళ్ళ మధ్య కరక్కాయ కొమ్మ, ఒడిలో ఎడమచేతిలో పాత్ర ఉంటే భైషజ్యగురువు (వైద్య బుద్ధుడు).
- రెండు చేతులూ ఒడిలో ఒకదానిమీద ఒకటి ఉంటే ధ్యాన ముద్ర. అమితాభుడు. ఒంటినిండా ఆభరణాలుండి చేతుల్లో కలశం కనిపిస్తే అమితాయుస్సు.
- కుడిచేయి పైకెత్తి అరచేయి మనవైపు ఉంటే అభయం. పంచబుద్ధుల్లో అమోఘసిద్ధిది. హుస్సేన్‌సాగర్‌లో నిలబడిన గౌతమ బుద్ధుడి చేయి కూడా ఇలాగే ఉంటుంది. అందుకే ముద్ర ఒక్కటే చూసి పేరు పెట్టేయొద్దు.
- రెండు చేతులూ గుండె దగ్గర కలిసి చక్రం తిప్పుతున్నట్టుంటే ధర్మచక్ర ముద్ర. వైరోచనుడు కావచ్చు, బోధిస్తున్న శాక్యముని కావచ్చు, మైత్రేయుడూ కావచ్చు.

ఎక్కువమంది పొరబడేది శాక్యముని, భైషజ్యగురువుల దగ్గరే. దూరం నుంచి ఇద్దరూ ఒకేలా ఉంటారు, ఇద్దరికీ ఒడిలో పాత్ర ఉంటుంది. కుడి అరచేయి ఎటు తిరిగిందో చూస్తే తేలిపోతుంది. అలాగే పాత్ర ఉంది కాబట్టి అమితాభుడే అనుకోకండి.

2.2 దుస్తులు, ఆభరణాలు

కుడి భుజం వదిలేసి కాషాయం కప్పుకుని, నగలేవీ లేకపోతే బుద్ధుడు. కిరీటం, హారాలు, కడియాలు ఉంటే చాలావరకు బోధిసత్త్వుడో, సంభోగకాయ రూపంలో (నగలతో కనిపించే దివ్యరూపంలో) ఉన్న బుద్ధుడో. కిరీటం పెట్టిన శాక్యముని విగ్రహాలూ ఉన్నాయి కాబట్టి చేతులతో సరిచూసుకోవాలి.

తలమీద ఉబ్బు (ఉష్ణీషం), కనుబొమల మధ్య చుక్క (ఊర్ణ), సాగిన చెవితమ్మెలు, మెడమీద మూడు గీతలు, ఇవన్నీ మహాపురుష లక్షణాలు. వీటితో బుద్ధుడని తెలుస్తుంది, ఏ బుద్ధుడో తెలియదు.

2.3 వస్తువులు, కాళ్ళు

- ఎత్తిన ఖడ్గం, పద్మం మీద పుస్తకం: మంజుశ్రీ.
- నాలుగు చేతులు. రెండు గుండె దగ్గర జోడించి, మిగతా రెంటిలో జపమాల, పద్మం: అవలోకితేశ్వరుడు.
- కుడికాలు కిందికి చాపి, లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చున్న దేవి: శ్యామ తార.
- కాళ్ళు మడిచి కూర్చుని, ముఖంలో మూడు, అరచేతుల్లో రెండు, అరికాళ్ళలో రెండు, మొత్తం ఏడు కళ్ళు: శ్వేత తార.
- గుండె దగ్గర వజ్రం (రత్నం కాదు, చిన్న వజ్రాయుధం), నడుము దగ్గర గంట: వజ్రసత్త్వుడు.
- కుడిచేతిలో వజ్రం, ఎడమచేతిలో కపాలపాత్ర, ఎడమ భుజానికి ఆనించిన ఖట్వాంగం (తలలు గుచ్చిన దండం): పద్మసంభవుడు.

సంచి పట్టుకుని బొజ్జతో నవ్వే ‘లాఫింగ్ బుద్ధ’ శాక్యముని కాదు, చైనా సంప్రదాయంలోని బుదాయ్ అనే భిక్షువు. పూజాపీఠం మీద శాక్యముని స్థానంలో పెట్టకండి.

మంటల మధ్య నిలబడిన ఉగ్రమూర్తులు, యుగళ మూర్తులు చూడడానికి గొప్పగా ఉంటాయి, నిజమే. కానీ అవి గురువు దగ్గర దీక్ష తీసుకున్నవాళ్ళ సాధన కోసం. పనితనం నచ్చిందని ముందుగదిలో పెట్టుకుంటామంటే నేను వద్దనే అంటాను.

2.4 పీఠం

బురదలో పుట్టినా బురద అంటనిది కాబట్టి పద్మం. దాని రేకులపైన చంద్రమండలం, సూర్యమండలం అని పలచటి బిళ్ళలుంటాయి. పీఠం ముందు అడ్డంగా చిన్న వజ్రం ఉంటే భూమిస్పర్శ మూర్తి అక్షోభ్యుడయ్యే అవకాశం ఎక్కువ. కానీ బుద్ధగయలో బుద్ధుడు జ్ఞానోదయం పొందిన చోటైన వజ్రాసనానికి గుర్తుగా శాక్యముని ముందు కూడా వజ్రం పెడతారు. అనుమానముంటే చేసినవాళ్ళనే అడగండి, పనివాడికి తెలియకుండా ఉండదు.

3. పనితనం చూడండి

లోపాలు ఎక్కడ వెతకాలో తెలియాలంటే విగ్రహం ఎలా తయారవుతుందో కాస్త తెలియాలి.

తేనెమైనంలో గుగ్గిలంలాంటి జిగురు కలిపి బొమ్మ చేస్తారు. శరీరం, పీఠం, కొన్నిసార్లు చేతులు, కిరీటం విడివిడిగా చేస్తారు. దానిమీద మెత్తటి మట్టి, పేడ కలిపిన పలచటి పూత వేస్తారు. వేలిముద్రంత సన్నటి గీత కూడా ఈ పొరలోనే నిలవాలి. అది ఆరాక ఊక కలిపిన ముతక మట్టి పొరలు. తర్వాత కాల్చి మైనాన్ని కరిగించి బయటికి పంపి, ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. చల్లారాక మట్టి పగలగొట్టాల్సిందే, అంటే ఆ అచ్చు ఒక్కసారికే.

పోత బయటికొచ్చాక అసలు పని మొదలవుతుంది. ఆకురాయితో సాఫు చేయడం, ఉలితో నగిషీ చెక్కడం, భాగాలు కలపడం, మెరుగు పెట్టడం. బంగారు మలామాకు బంగారాన్ని పాదరసంలో కలిపి, ఆ ముద్దను రాగిమీద పూసి వేడిచేస్తారు. పాదరసం ఆవిరై బంగారం మిగులుతుంది. చివర్న ముఖానికి బంగారు పొడి రంగు పూసి, కళ్ళు, పెదవులు దిద్దుతారు. పాదరసం ఆవిరి విషం. వీడియో చూసి ఇంట్లో ప్రయత్నించే పని ఎంతమాత్రం కాదు.

3.1 వెనక నుంచి మొదలుపెట్టండి

ముందువైపు ఎవరైనా శ్రద్ధగా చేస్తారు. విగ్రహాన్ని తిప్పి వీపుమీది కాషాయం మడతలు, జుట్టు వెనకభాగం, పీఠం వెనక పద్మరేకులు చూడండి. చవక విగ్రహాల్లో పీఠం వెనక రేకులే ఉండవు, ఉన్నా గీసి వదిలేసినట్టుంటాయి. వెనక అంచుమీద నగిషీ ముందున్నంత స్పష్టంగా ఉంటే, మిగతా పని కూడా బాగుండే అవకాశం ఎక్కువ.

3.2 పోతలో లోపాలు

టార్చిని పక్కనుంచి ఏటవాలుగా వేయండి. ఎదురుగా వేస్తే బంగారం మెరుపులో ఏదీ కనిపించదు.

- సూదిమొనంత బెజ్జాలు: లోహంలో గాలి చిక్కినందువల్ల. ఒకటి రెండు పర్వాలేదు. గుంపుగా ఉంటే ఆ చోట లోహం బలహీనం.
- చుట్టూ సన్నటి గీతతో అతికించిన ముక్క: బెజ్జం పూడ్చిన చోటు. గట్టిగా, సమంగా ఉంటే తప్పేం లేదు.
- వేళ్ళ కొనలు మొండిగా ఉండడం: లోహం చివరిదాకా అందలేదు. దీన్ని దిద్దడం కష్టం, కొనకండి.
- ఒంటికి రెండు పక్కలా నిలువుగా సాగే సన్నటి గీత: రెండు భాగాల అచ్చులో తీసిన గుర్తు. మైనం బొమ్మనే రబ్బరు అచ్చులో తీసుంటే గీత చెరిపేస్తారు, కానీ ఒకే ముఖంతో పది విగ్రహాలు అదే అరలో కనిపిస్తాయి. అలాంటిది కొనడంలో దోషం లేదు, చేతిపని ధర మాత్రం ఇవ్వకండి.

అడుగు తీసి లోపలికి వెలుతురు వేయండి. కాలిన మట్టి అంటుకుని ఉంటే గీకించాలి. గోడ ఒకచోట మందంగా, ఇంకోచోట కాగితంలా ఉంటే పలచటి చోట సొట్టపడుతుంది. అయస్కాంతం అంటుకుంటే లోపల ఇనుముంది. రాగి, ఇత్తడి అంటుకోవు.

3.3 కొలతలు

ఫోన్‌ను విగ్రహం ఛాతీ ఎత్తులో, సరిగ్గా ఎదురుగా పట్టి ఫోటో తీయండి. ఉష్ణీషం మధ్య నుంచి ముక్కు, బొడ్డు మీదుగా కాళ్ళు కలిసేచోటికి నిలువు గీత రావాలి. భుజాలు, మోకాళ్ళు సమంగా ఉండాలి. మొగ్గిన భంగిమలో ఉండే తార, నిలబడిన బోధిసత్త్వులకు ఈ పరీక్ష వర్తించదు.

ముఖానికి: జుట్టు మొదలు నుంచి కనుబొమలు, అక్కణ్ణుంచి ముక్కు కొన, అక్కణ్ణుంచి గడ్డం, మూడు భాగాలూ సమానం. చేయి మణికట్టు నుంచి మధ్యవేలి కొనదాకా ముఖం పొడవంత ఉండాలి. తర్వాత ఆ ఫోటోను ఎడమకుడి తిప్పి చూడండి. అప్పటిదాకా కనబడని వంకర ఇట్టే బయటపడుతుంది. ముఖ్యంగా ఒక కన్ను పైకి, ఒకటి కిందికి ఉండడం.

3.4 బంగారం

గీకొద్దు, యాసిడ్ చుక్క వేయొద్దు. ఆ పరీక్షతో పోయేది మీ విగ్రహమే.

పైన చెప్పినట్టు పాదరసంతో, వేడితో వేసే నిప్పుమలామా రంగు మెత్తగా, లోతుగా ఉంటుంది, అక్కడక్కడ కొద్దిగా తేడా కనిపిస్తుంది. కరెంటు పూత అంతటా ఒకే మెరుపుతో ఉంటుంది. గోల్డ్ పెయింట్ మడతల్లో పేరుకుంటుంది, అంచుల్లో పెచ్చులూడుతుంది. భూతద్దంలో ఈ మూడూ విడిగా తెలుస్తాయి. కొన్నిట్లో ముఖానికి మాత్రమే బంగారం వేసి ఒంటికి రాగి రంగు ఉంచేస్తారు. అది లోపం కాదు, ఒక పద్ధతి. ధరలో తేడా రావాలి అంతే.

ముఖం మాత్రం మెరవకుండా మట్టంగా ఉంటుంది. అది పొడి బంగారు రంగు, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. దుకాణంలో ఎవరైనా వేలితో రుద్ది చూపిస్తుంటే ఆపండి.

కొనేముందు చివరి తనిఖీ:

- ముద్ర, వస్తువులు చూసి పేరు తేల్చుకున్నాను
- వెనకవైపు, అడుగు, లోపలి గోడ చూశాను
- వేళ్ళు, చెవులు, కిరీటం కొనలు విరగలేదు
- పొదిగిన రాళ్ళు కదలడం లేదు
- అడుగు రేకు సరిగ్గా కూర్చుంటోంది, దానిమీద విశ్వవజ్రం (అడ్డంగా కలిసిన రెండు వజ్రాయుధాలు) చెక్కి ఉంది
- మలామా దేనితో చేశారో బిల్లుమీద రాయించుకున్నాను

4. కాగితాలు

నేపాల్ నుంచి లోహ విగ్రహం తెచ్చేటప్పుడు అది పురాతన వస్తువు కాదని అక్కడి పురావస్తు శాఖ ధ్రువపత్రం తీసుకోవాలి. పాటన్ దుకాణాలవాళ్ళు మామూలుగా వాళ్ళే తీసిపెడతారు, కాకపోతే ప్రయాణం రోజు అడిగితే కుదరదు.

‘వందేళ్ళ నాటిది’ అని ఆశపెడితే వెనక్కి తగ్గండి. నిజమైతే దాన్ని నేపాల్ దాటించడం నేరం. మన దేశంలోనూ 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన శిల్పాలకు రిజిస్ట్రేషన్ కావాలి, దేశం దాటించడం కుదరదు. అబద్ధమైతే కొత్తదానికి పొగబెట్టి చిలుము పట్టించి అమ్ముతున్నారన్నమాట.

5. లోపల నింపించడం

టిబెటన్ సంప్రదాయంలో బోలు విగ్రహాన్ని అలాగే పూజించరు. లోపల నింపి, రబ్నే అనే ప్రతిష్ఠ చేయించాలి. సామగ్రి మీరు సిద్ధం చేసుకోవచ్చు, నింపడం మాత్రం తెలిసిన భిక్షువు చేతుల మీదుగా జరగాలి. మైసూరు జిల్లా బైలకుప్పలోని ఆరామాల్లో అడగవచ్చు. శ్రీకాకుళం వైపు వాళ్ళకు ఒడిశా గజపతి జిల్లాలోని జిరంగ్ ఆరామం దగ్గర.

వరుస ఇది:

1) లోపలి మట్టి, లోహపు రజను పొడి బ్రష్‌తో తీసేయండి. ఎండలో బాగా ఆరనివ్వండి. తేమ మిగిలితే కాగితాలకు బూజు, రాగికి చిలుము.

2) మధ్యలో నిలబెట్టే కర్ర, సోక్‌షింగ్ అంటారు, గంధపు చెక్కతోనో, జూనిపర్ కర్రతోనో చేస్తారు. చెట్టుకు వేరువైపు ఉన్న కొన కిందికే ఉండాలి. చెక్కేముందే గుర్తు పెట్టుకోకపోతే తర్వాత తెలుసుకోలేరు. ఎరుపు రంగు వేసి, శిరస్సు దగ్గర ఓం, కంఠం దగ్గర ఆః, గుండె దగ్గర హూం రాస్తారు.

3) మంత్రాల కాగితాలకు కుంకుమపువ్వు నీళ్ళు పట్టించి, ఆరబెట్టి, బిగుతుగా చుట్టి పసుపు గుడ్డలో కడతారు. ప్రతి చుట్టమీదా పైకొన ఎటో గుర్తు పెట్టండి. తలకిందులుగా పెట్టడమే ఈ పనిలో జరిగే పెద్ద పొరపాటు.

4) ఖాళీలు గంధపు పొడి, ధూపద్రవ్యాలతో నింపుతారు. ఊపితే చప్పుడు రాకూడదు. అలాగని గట్టిగా కుక్కి గోడమీద ఒత్తిడి పెట్టకూడదు.

5) విగ్రహాన్ని మెత్తటి దిండుమీద బోర్లా ఆనించి, అడుగు రేకు పెట్టి, పీఠం అంచును మొండి ఉలితో చుట్టూ కొద్దికొద్దిగా లోపలికి వంచుతారు. ఇక్కడ టంకం పెట్టనివ్వకండి, ఆ వేడికి లోపలివి మాడతాయి.

పాత విగ్రహం మూసే ఉంటే తెరవకండి. లోపలేముందో చూడాలన్న కుతూహలంతో తెరిస్తే ప్రతిష్ఠ మళ్ళీ చేయించుకోవాలి.

6. పీఠం మీద అమరిక

మీరు కూర్చున్నప్పుడు మీ తలకంటే ఎత్తులో విగ్రహం ఉండాలి. కాళ్ళు అటువైపు చాపే మంచం ఎదురుగా వద్దు.

మధ్యలో విగ్రహం, మన ఎడమవైపు గుడ్డలో చుట్టిన ధర్మగ్రంథం, కుడివైపు చిన్న స్తూపం. విగ్రహం కాయానికి, గ్రంథం వాక్కుకు, స్తూపం చిత్తానికి గుర్తు. గ్రంథం మీద జపమాలతో సహా ఏదీ పెట్టరు. ఒకటికంటే ఎక్కువ విగ్రహాలుంటే బుద్ధుడు మధ్యలో, ఎత్తులో, బోధిసత్త్వులు ఆ తర్వాత, ధర్మపాలకులు కింద.

ఇంటి పూజగదిలోనే పెట్టాలంటే వేరే అర ఇవ్వండి. కారణం మతభేదం కాదు. పక్క విగ్రహాలకు చేసే నీళ్ళు, పసుపు, నూనె దీనిమీద చిందకూడదు.

ముందు ఏడు నీటి గిన్నెలు. వాటిని మన ఎడమ నుంచి కుడికి పెడతారు: అర్ఘ్యం, పాద్యం, పుష్పం, ధూపం, గంధం, నైవేద్యం, శబ్దం. నాలుగో, ఐదో గిన్నెల మధ్య దీపం. మన షోడశోపచారాలు తెలిసినవాళ్ళకు ఈ పేర్లు కొత్తగా అనిపించవు. గిన్నెకూ గిన్నెకూ మధ్య బార్లీ గింజంత ఎడం, నీళ్ళు అంచుకు గింజంత తక్కువగా. సాయంత్రం కుడి నుంచి ఎడమకు తీసి, తుడిచి, బోర్లించాలి. ఖాళీ గిన్నె వెల్లకిలా ఉంచరు. నీళ్ళు మొక్కలకు పోయండి.

7. శుభ్రం చేయడం

వారానికోసారి మెత్తటి పొడి కుంచెతో పైనుంచి కిందికి దులపండి. అంతే. నెలకోసారి ఒంటిమీద మాత్రం పొడి మెత్తటి గుడ్డ. ముఖం జోలికి వెళ్ళకండి.

చింతపండు, నిమ్మకాయ, ఉప్పు, పీతాంబరి వద్దు. ఇత్తడి బిందె తోమినట్టు తోమితే మలామా కొన్నాళ్ళకే అరిగి రాగి బయటపడుతుంది. పైగా ఉప్పు సందుల్లో ఉండిపోయి తర్వాత చిలుము తెస్తుంది.

8. తరచూ జరిగే తప్పులు, దిద్దుబాట్లు

అభిషేకం చేసేశారు. వెంటనే పొడిగుడ్డతో అద్ది, నిలబెట్టే ఉంచి, ఫ్యాను కింద రెండు మూడు రోజులు ఆరనివ్వండి. డ్రయ్యర్ వేడి వద్దు. అడుగు అంచునుంచి తడి కారుతుంటే లోపలికి నీళ్ళు వెళ్ళినట్టే. భిక్షువును అడిగి తెరిపించాల్సిందే.

నుదుట కుంకుమబొట్టు పెట్టారు. ఆరాక పొడి కుంచెతో వచ్చినంత తీయండి. మిగిలిన మరక కోసం రుద్దితే కింది బంగారు రంగూ వస్తుంది. ముఖం రంగు మళ్ళీ వేయించడానికి విగ్రహం తెరవక్కర్లేదు, వేడి చేయక్కర్లేదు. ఆ పని తెలిసిన చిత్రకారుడు చాలు.

దీపం మసి పట్టింది. దీపాన్ని విగ్రహానికి మూరెడు దూరం జరపండి, వత్తి చిన్నది చేయండి. కర్పూర హారతి దగ్గరగా తిప్పకండి. అగరబత్తి పొగ జిడ్డులా పేరుకుంటుంది కాబట్టి దాన్నీ పక్కకు పెట్టండి.

ఆకుపచ్చ మచ్చలు. నున్నగా, గట్టిగా ఉంటే అలా వదిలేయొచ్చు. లేత ఆకుపచ్చ పొడిలా రాలుతుంటే అది తినుకుంటూ పోయే చిలుము. విశాఖ, కాకినాడలాంటి సముద్రతీర ఊళ్ళలో ఉప్పుగాలి వల్ల ఇది ఎక్కువ. విగ్రహాన్ని మూత ఉన్న పెట్టెలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టి, లోహ వస్తువుల సంరక్షణ తెలిసినవాళ్ళకు చూపించండి. ఇంటి వైద్యం వద్దు.

వేలు విరిగింది. ముక్కను పొట్లం కట్టి దాచండి. విగ్రహం ఇంకా నింపకపోతే పనివాడు మళ్ళీ అతికి మలామా వేయగలడు. నింపి ఉంటే నిప్పు వాడని అతుకే దారి. లేదా ఆరామంలో చెప్పి, ప్రతిష్ఠ ఉపసంహరించి, లోపలివి బయటికి తీయించాక కొలిమి దగ్గరికి పంపాలి. పనివాడికి ఇచ్చేటప్పుడు అది ఖాళీగా ఉందని మీరే అడుగు తీసి చూపించండి.